దాచినవాడిదే ఆట: పాతికేళ్ళు దాటిన జియోకాషింగ్

2000 మే 1 అర్ధరాత్రి అమెరికా ప్రభుత్వం జీపీఎస్ సంకేతాల్లో అంతవరకు తాను కావాలని కలుపుతూ వచ్చిన తప్పును తీసేసింది. అప్పటిదాకా సైన్యానికి ఒక లెక్క, మామూలు జనానికి మరో లెక్క. జనం చేతిలోని రిసీవరు వంద మీటర్ల దాకా అటూఇటూగా చోటు చూపించేది. అధ్యక్షుడు క్లింటన్ ఉత్తర్వుతో తెల్లారేసరికి అదే రిసీవరు పది, ఇరవై మీటర్ల తేడాతో చెప్పడం మొదలుపెట్టింది. మే 3న ఆరెగన్ రాష్ట్రంలో పోర్ట్‌లాండ్‌కు దగ్గరున్న బీవర్‌క్రీక్ అనే ఊరి అడవి అంచున డేవ్ ఉల్మర్ అనే ఆయన ఒక నల్ల బకెట్టు దాచాడు. ఉత్తరం 45° 17.460, పడమర 122° 24.800 అని దాని చోటును జీపీఎస్ మీద మోజున్నవాళ్ళకి ఇంటర్నెట్‌లో చెప్పాడు. బకెట్టులో పేరు రాయడానికి ఒక పుస్తకం, పెన్సిలు, కొన్ని వీడియోలు, సాఫ్ట్‌వేర్, కొంచెం డబ్బు, ఒక పంగలకర్ర, ఒక బీన్స్ డబ్బా. దొరికినవాళ్ళు ఏదైనా తీసుకోవచ్చు, బదులుగా ఏదైనా పెట్టాలి, పుస్తకంలో రాయాలి. మూడు రోజుల్లోపే మైక్ టీగ్ అనే ఆయన దాన్ని పట్టుకున్నాడు. నెలాఖరుకి మ్యాట్ స్టమ్ అనే ఆయన ఈ ఆటకు జియోకాషింగ్ అని పేరు పెట్టాడు. సెప్టెంబరు 2న జెరెమీ ఐరిష్ 75 పెట్టెల జాబితాతో జియోకాషింగ్ డాట్ కామ్ తెరిచాడు. ఇవాళ ఆ జాబితాలో ముప్ఫై లక్షలకు పైగా పెట్టెలున్నాయి, 190కి పైగా దేశాల్లో. నడిపే సంస్థ సియాటిల్‌లో ఉంది.

తమాషా ఏమిటంటే, ఉల్మర్ బకెట్టును ఇప్పుడెవరైనా పెడతామంటే ఆ జాబితాలోకి ఎక్కనివ్వరు. తిండి వస్తువు పెట్టకూడదు, జంతువులు వాసన పట్టి పెట్టెను చీల్చేస్తాయి. స్థలం ఎవరిదో వాళ్ళ అనుమతి లేకుండా నేల తవ్వకూడదు, ఆ బకెట్టేమో సగం మట్టిలో ఉంది. ఈ ఆటలో ఉన్న నియమాల్లో చాలా వరకు ఎక్కడో ఒక పెట్టె పాడయ్యాకో, ఎవరో ఒకరు ఫిర్యాదు చేశాకో పుట్టినవే. బీన్స్ డబ్బా మాత్రం మిగిలింది. దానికో నంబరిచ్చి, అభిమానుల సమావేశాలకు ఊరూరా తిప్పుతున్నారు.

ఈ ఆట గురించి రాసేవాళ్ళు ఎక్కువగా వెతికేవాళ్ళ వైపు నుంచే రాస్తారు. ఉపగ్రహాలు, ఫోను, అడవి, దొరికిన ఆనందం. నా లెక్కలో అది సగమే. వెతికేవాడికి కావలసిన తెలివిని ముందే కొలిచి పెట్టేది దాచినవాడు. చోటు ఎంచింది వాడు, దారి ఎంచింది వాడు, వానాకాలం వెళ్ళాక వచ్చి తడిసిన కాగితం మార్చాల్సిందీ వాడే. ఈ ఆట బాగున్న చోట దాచినవాళ్ళు బాగున్నారు. చెడిన చోట చెడగొట్టింది కూడా వాళ్ళే.

ముందు పరిభాష కొంచెం. నేరుగా ఇచ్చిన అంకెల దగ్గరే పెట్టె ఉంటే అది ట్రెడిషనల్. ఒకచోట దొరికిన ఆధారంతో ఇంకోచోటికి పంపేది మల్టీ. ఇంట్లో కూర్చుని చిక్కుప్రశ్న విప్పితే గానీ అసలు అంకెలు తెలియనిది మిస్టరీ. ప్రతి పెట్టెకూ రెండు మార్కులుంటాయి: వెతకడం ఎంత కష్టం, చేరుకోవడం ఎంత కష్టం. రెండూ ఒకటి నుంచి ఐదు దాకా, అరలతో కలిపి. అంటే 81 రకాల జతలు. ఆ 81నీ పూర్తిచేసేదాకా నిద్రపోనివాళ్ళున్నారు. చేరుకోవడంలో ఒకటి అంటే చక్రాల కుర్చీలో వెళ్ళి అందుకోవచ్చని అర్థం. ఐదు అంటే పడవో, తాళ్ళో, మరో ప్రత్యేక సరంజామానో ఉండాలి. ఈ రెండంకెలను సరిగా చదివినవాడికి సగం వెతుకులాట తప్పుతుంది. ఒకటి వేసిన పెట్టె కోసం చెట్టెక్కేవాళ్ళను చూస్తే జాలేస్తుంది.

అంకెల సంగతి ఒకటి అర్థం చేసుకుంటే మిగతాది సులువు. అక్షాంశాన్ని డిగ్రీలు, నిమిషాలు, నిమిషంలో వెయ్యోవంతుల దాకా రాస్తారు. నిమిషంలో వెయ్యోవంతు అంటే నేల మీద సుమారు 1.85 మీటర్లు. చివరి అంకె ఐదు తప్పితే తొమ్మిది మీటర్లు తప్పినట్టే. ఆకాశం బాగా తెరిచి ఉన్నచోట ఫోను ఐదు మీటర్లలోపు తేడాతో చెబుతుంది. చెట్ల గుబురు కిందా, ఎత్తయిన భవనాల మధ్యా సంకేతాలు గోడలకు తగిలి తిరిగొస్తాయి కాబట్టి ఆ తేడా పెరుగుతుంది. దాచినవాడి తప్పు కొంత, వెతికేవాడి తప్పు కొంత కలిస్తే పది మీటర్ల వలయం తేలిగ్గా ఏర్పడుతుంది. అందుకే అనుభవమున్నవాళ్ళు చివరి పది మీటర్లలో ఫోను జేబులో పెట్టేస్తారు. కొత్తవాళ్ళు మాత్రం బాణం గుర్తు ఎటు తిరిగితే అటు నాలుగడుగులు, మళ్ళీ వెనక్కి నాలుగడుగులు, చంకలో బిడ్డను పెట్టుకుని సంతంతా వెతికినట్టు తిరుగుతుంటారు.

ఇక దాచడం. మొదట అడగాల్సిన ప్రశ్న పెట్టె గురించి కాదు: ఇక్కడికి మనిషిని ఎందుకు రప్పిస్తున్నాను? ఊళ్ళోవాళ్ళకే తెలిసిన చిన్న జలపాతమో, పాడుబడ్డ రైలు వంతెనో, సాయంత్రం ఎండ బాగా పడే గుట్టో ఉంటే ఆ చోటు కోసం పెట్టె పెట్టాలి. ఏ కారణమూ లేకుండా, ఖాళీగా ఉంది కదా అని పెట్టినది రెండో ఏడు వచ్చేసరికి దాచినవాడికే విసుగు పుట్టిస్తుంది. సంస్థ నియమం ప్రకారం ఒక పెట్టెకూ ఇంకోదానికీ మధ్య 161 మీటర్లు, అంటే మైలులో పదోవంతు, ఎడం ఉండాలి. స్థలం ఎవరిదైతే వాళ్ళ అనుమతి ఉండాలి. అందరూ తిరిగే చోటే కదా అనడం అనుమతి కిందికి రాదు. పెట్టేముందు కనీసం ఇరవై పెట్టెలు వెతికి చూడమని సంస్థ సలహా ఇస్తుంది. అది తక్కువే. వానాకాలమూ చలికాలమూ దాటిన పెట్టెలు కొన్ని తెరిచి చూసినవాడికే ఏది నిలుస్తుందో తెలుస్తుంది.

నిలిచేవాటిలో రారాజు అమెరికా సైన్యం వాడి పారేసిన తూటాల పెట్టె. ఇనుముది, మూతకు రబ్బరు పట్టీ, బిగించే గట్టి కొక్కెం. ఏటి ఒడ్డున ఏళ్ళ తరబడి ఉన్నా లోపల పుస్తకం పొడిగా ఉంటుంది. పైనున్న సైన్యం అక్షరాల మీద రంగు వేసి, జియోకాష్ అని పెద్దగా రాయాలి. తర్వాత నాలుగువైపులా బిగిసే మూతలున్న వంటింటి ప్లాస్టిక్ డబ్బాలు. చిన్నవాటిలో కూల్‌డ్రింక్ సీసాలు ఊదకముందు గొట్టాల్లా ఉండే ముడి అచ్చులు భలే పనికొస్తాయి. మరమూత ఉంటుంది, నీరు దిగదు. అన్నిటికన్నా అధ్వానం పాత ఫిల్ము డబ్బీ. ఒక్క వానకి లోపలి కాగితం ముద్దయిపోతుంది, దాని మీద పేరు రాయబోతే పెన్ను కాగితాన్ని చీల్చుకుపోతుంది. జిప్ సంచీలో పెట్టాం కదా అంటారు. దానికో చిల్లు పడితే నీళ్ళు లోపలికి వస్తాయి గానీ బయటికి పోవు.

దాచే తెలివి అంటే కనబడకుండా చేయడం కాదు. కళ్ళెదుటే ఉండి కూడా ఇది ఇక్కడ ఉండాల్సిందే అనిపించేలా చేయడం. ఒక చెక్క కంచె ఊహించుకోండి. ప్రతి గుంజకీ రెండేసి బోల్టులు. ఒక్క గుంజకి మూడు. ఆ మూడోదాన్ని చుట్టూ ఉన్నవాటిలాగే తుప్పు పట్టించి, లోపల బోలుగా తొలిచి, వెనక చిన్న అయస్కాంతం పెడితే అంతే. లాగితే ఊడి వస్తుంది, లోపల చుట్టిన కాగితం. వెతికేవాడు అరగంట కంచె కిందా గడ్డిలోనూ పాకి, ఆఖరికి బోల్టులు లెక్కపెట్టినప్పుడు పెద్దగా నవ్వుతాడు. ఆ నవ్వు కోసమే దాచాలి. కానీ ఒక హద్దు ఉంది. నకిలీ బోల్టు ఉన్న కంచె పక్కన కరెంటు పెట్టె ఉంటే, వెతికేవాడు నకిలీదేదో అసలుదేదో తెలియక ఆ పెట్టె కూడా విప్పుతాడు. విరగ్గూడనిది, విప్పకూడనిది దగ్గర్లో ఉన్నచోట ఇలాంటి మాయ చేయకూడదు.

అంకెలు తీసేటప్పుడు ఒక్కసారి నొక్కి వదిలేయడం చాలామంది చేసే పొరపాటు. పెట్టె దగ్గర కొలిచాక ముప్ఫై అడుగులు దూరం జరిగి వేరే వైపు నుంచి రావాలి, మళ్ళీ కొలవాలి. ఇంకో రోజు వచ్చి మరోసారి కొలిచి సగటు తీయాలి. ఉపగ్రహాలు ఆకాశంలో చోటు మారుతుంటాయి కాబట్టి వేర్వేరు వేళల్లో తీసిన కొలతలు ఒకదాని తప్పును ఇంకొకటి సరిచేస్తాయి.

ఈ పద్ధతులన్నిటికీ బొత్తిగా వ్యతిరేకం పవర్ ట్రెయిల్. నెవాడా ఎడారిలో గ్రహాంతరవాసుల కథలతో పేరుపడ్డ 375 నంబరు రోడ్డు వెంట సరిగ్గా మైలులో పదోవంతుకొకటి చొప్పున వెయ్యికి పైగా డబ్బీలు పరిచారు. కారు ఆపు, దిగు, డబ్బీ ఎత్తు, ఎక్కు. ఒకడు నడపడం, ఒకడు దూకడం, వెనక సీట్లో ఒకడు సంతకాలు. ఇంకా ఆత్రం ఉన్నవాళ్ళు మొదటి డబ్బీని కారులోనే సంతకం పెట్టుకుంటూ రెండో చోట దించేస్తారు, రెండోదాన్ని మూడోచోట. దాచిన డబ్బీ దాచినచోట ఉండదు. ఊళ్ళలో దీని తమ్ముడు దుకాణాల పార్కింగ్‌లోని దీపస్తంభం: అడుగున ఉన్న రేకు తొడుగు ఎత్తితే కిర్రుమని చప్పుడు, కింద ఒక ఫిల్ము డబ్బీ, లోపల తీగలు. ఒకటి చూస్తే వంద చూసినట్టే. తీగల దగ్గర చెయ్యి పెట్టించడం ఎందుకో నాకు ఎప్పుడూ అర్థం కాలేదు.

ఇంకోవైపు మాట కూడా చెప్పాలి. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళు, చంటిపిల్లలున్నవాళ్ళు కారు దిగి పదడుగులు వేస్తే చాలనే పెట్టెలు లేకపోతే వాళ్ళీ ఆటలో ఉండరు. అంకె పెరగడం చూసి సంతోషించేవాళ్ళ సంతోషాన్ని కాదనే హక్కు ఎవరికీ లేదు. నా అభ్యంతరం ఒక్కటే. వెయ్యి డబ్బీలు పెట్టినవాడు వెయ్యిటినీ చూసుకోలేడు. తడిసిన కాగితాలు, ఊడిన మూతలు చివరికి ఎవరూ ఏరని ప్లాస్టిక్‌గా మిగులుతాయి. 2002 నుంచీ ఈ ఆటగాళ్ళే చెత్త ఏరే కార్యక్రమాలు జరుపుతున్నారు. వాళ్ళు ఏరే చెత్తలో ఆట వదిలేసిన డబ్బీలు కూడా ఉండడం సిగ్గుచేటు కాదా?

వెతకడానికి వస్తే, మొదట ఇల్లు కదలకముందే చదవాలి. పెట్టె సైజు ఎంత? ముందు వెళ్ళినవాళ్ళు ఏం రాశారు? చివరి నాలుగు రాతలూ దొరకలేదనే ఉంటే బహుశా అది అక్కడ లేదు, ఇంకోటి చూసుకోవడం మేలు. సూచన వాక్యం ఇంగ్లిషులో అక్షరాలు తారుమారై ఉంటుంది: ఏ బదులు ఎన్, బీ బదులు ఓ, ఇలా పదమూడక్షరాలు జరిపి రాస్తారు. నొక్కితే ఫోనే విప్పి చూపిస్తుంది. అయినా పిల్లల చేత కాగితం మీద విప్పిస్తే ఆ మజా వేరు.

చోటికి చేరాక నిలబడి చూడండి. నేనైతే ఇది ఎక్కడ దాచేవాణ్ణి? అడవి గజిబిజిగా ఉంటుంది, మనిషి చెయ్యి పడినచోట ఒక వరస కనబడుతుంది. ఒకే పొడవున్న పుల్లలు పక్కపక్కన పేర్చి ఉన్నాయంటే గాలికి అలా పడవు. నాచు పట్టిన రాళ్ళ మధ్య నాచు కిందికి తిరిగి ఉన్న రాయి, పాత గుంజకు కొత్త మర, చెట్టు తొర్రలో అడ్డంగా పెట్టిన బెరడు ముక్క, ఇలాంటివే. చూడని కన్నంలో చెయ్యి పెట్టకండి, ముందు కర్ర పెట్టండి. అమెరికా అడవుల్లో తాకితే దద్దుర్లు లేచే పాయిజన్ ఐవీ, లైమ్ జబ్బు మోసే పిడుదులు ఉంటాయి. నిండు ప్యాంటు, మేజోళ్ళలోకి దోపిన అంచులు చూడ్డానికి బాగోకపోయినా పనికొస్తాయి.

ఆటతో సంబంధం లేని జనాన్ని వీళ్ళు హారీ పాటర్ నవలల్లోని మాటతో మగుల్స్ అంటారు. వాళ్ళు చూస్తుండగా పెట్టె ఎత్తితే మర్నాటికి అది ఉండదు. బూటు లేసు కట్టుకోవడం, ఫోన్లో మాట్లాడుతున్నట్టు నటించడం పాత చిట్కాలు. మెరిసే పసుపు జాకెట్టు వేసుకుని చేతిలో అట్ట పట్టుకుంటే ఎవరూ పట్టించుకోరని ఇంకొందరు. దొరికాక పేరు, తేదీ రాసి, తీసినచోటే తీసినట్టే పెట్టాలి. ఇంకా బాగా దాచాలన్న ఉత్సాహం వద్దు, తర్వాతివాడికి అంకెలు తప్పుతాయి. వస్తువు తీసుకుంటే దాని విలువకు తగ్గనిది పెట్టాలి. ఈ ఒక్క నియమం తప్పినందుకే చాలా పెట్టెలు మంచి బొమ్మలతో మొదలై విరిగిన క్రేయాన్లతో ముగుస్తాయి. దొరక్కపోతే ఆ మాటే రాయండి. అది నామోషీ కాదు, పెట్టె పోయిందని దాచినవాడికి తెలిసే దారి అదే.

పెట్టెలోంచి పెట్టెలోకి ప్రయాణించే నంబరు బిళ్ళలు వేరే కథ. ట్రావెల్ బగ్ అంటారు. ఎక్కడికి చేరాలో యజమాని చెబుతాడు, దొరికినవాళ్ళు మోస్తారు, చాలావాటిని ఎవరో జేబులో వేసుకుని మర్చిపోతారు. 2008లో అంతరిక్ష యాత్రికుడు రిచర్డ్ గ్యారియట్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో ఒకచోటును జియోకాష్‌గా నమోదు చేశాడు. 2021లో అంగారకుడి మీద దిగిన పర్సెవరెన్స్ రోవరు పరికరాల్లో ఒకదాని కొలతపలక మీద ఇలాంటి నంబరు చెక్కి ఉంది. ప్రచారమే కావచ్చు, ముచ్చటగానే ఉంది.

చిక్కులూ తక్కువ కాదు. 2011లో ఇంగ్లండ్‌లోని వెదర్‌బీలో కాఫీ దుకాణం బయట ఒకతను దాచిన చిన్న డబ్బాను చూసి బాంబనుకున్నారు. వీధి మూసేసి, సైన్యాన్ని పిలిపించి, డబ్బాను పేల్చేశారు. 2018 జూన్‌లో ప్రాగ్‌లో భూగర్భ కాలువలోకి దిగిన ఆటగాళ్ళలో కొందరు ఉన్నట్టుండి పడిన వానకు వరదలో కొట్టుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. అమెరికా నేషనల్ పార్కుల్లో అనుమతి లేకుండా పెట్టె దాచకూడదు: వందమంది వెతికితే గడ్డిలో కొత్త కాలిబాట పడుతుంది, దాని వెంట మట్టి కోసుకుపోతుంది. అలాంటి చోట్లకు నప్పేది 2004 నుంచి నడుస్తున్న ఎర్త్‌కాష్, అమెరికా భూగర్భశాస్త్ర సంఘంతో కలిసి మొదలుపెట్టింది. పెట్టె ఉండదు. అక్కడి రాయినో నేలనో చూసి ప్రశ్నలకు జవాబు పంపాలి.

మన తెలుగు రాష్ట్రాలకు సరిపోయేది ఇదేనని నా నమ్మకం. హైదరాబాద్ 2007 లుంబినీ పార్కు, గోకుల్ చాట్, 2013 దిల్‌సుఖ్‌నగర్ పేలుళ్ళు చూసిన ఊరు. అక్కడ ఎవరిదో తెలియని డబ్బా కనబడితే జనం వెనక్కి పరుగెత్తడం న్యాయమే. పాత గుళ్ళ దగ్గర గుప్తనిధుల కోసం తవ్వేవాళ్ళు దొరికిన వార్తలు మన పత్రికల్లో మామూలు. అలాంటి గుట్ట మీద ఫోను చూసుకుంటూ రాళ్ళు ఎత్తి చూస్తున్నవాడికి, ఇది ఆటండీ అని చెప్పి ఊరివాళ్ళను ఒప్పించడం కష్టం. అన్నీ దాటినా ఇనప్పెట్టె పాత సామాన్ల బండికి అమ్ముడుపోతుంది. విదేశాల నుంచి వచ్చేవాళ్ళకి ఇంకో హెచ్చరిక: ఉపగ్రహం ద్వారా సందేశం పంపే పరికరాలు మన దేశంలో లైసెన్సు లేకుండా వాడకూడదు. వాటితో విమానాశ్రయాల్లో పట్టుబడినవాళ్ళున్నారు.

అదే ఎర్త్‌కాష్ అయితే ఈ చిక్కుల్లేవు. తిరుమల ఘాట్ రోడ్డు పక్కన కొండకోతలో, పాత గ్రానైటు మీద తర్వాతి క్వార్ట్జైటు పొర కూర్చున్న గీత ఒకటుంది. రెండిటి మధ్యా కోట్ల ఏళ్ళ కాలం మాయమైంది. రోజూ వేలమంది బస్సుల్లో దాని పక్క నుంచే కొండెక్కుతారు. గీతకు పైనున్న రాయి రంగేమిటి, కింది రాయిలో మెరిసే రేణువులు ఎంత పెద్దవి అని అడిగితే చాలు, ఎర్త్‌కాష్ తయారు. శిలాతోరణం, విశాఖ-భీమిలి మధ్య ఎర్రమట్టి దిబ్బలు, బెలుం గుహలు, అన్నిచోట్లా ఇదే పద్ధతి నడుస్తుంది. దేనికీ తవ్వే పని లేదు, వదిలి వెళ్ళే డబ్బా లేదు, కావలసిందల్లా ప్రశ్నలు శ్రద్ధగా రాసే ఒక మనిషి, స్థలం చూసుకునేవాళ్ళ అనుమతి.

అమెరికాలో స్థిరపడ్డ మనవాళ్ళకు ఇంకో మాట. ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నలకు పగలంతా ఇంట్లో టీవీయే గతి అవుతోందని చాలామంది బాధపడతారు. మీ కాలనీ పార్కులో, చేరుకోవడం ఒకటిన్నర వేసిన పెట్టె ఒకటైనా ఉండే ఉంటుంది. అంకెలు ఫోనులో పెట్టి వాళ్ళ చేతికివ్వండి, మీరు వెనక నడవండి. లాగ్‌బుక్‌లో తెలుగులో సంతకం పెట్టినా చెల్లుతుంది. పెన్ను మాత్రం మరిచిపోవద్దు, చిన్న డబ్బాల్లో పెన్ను ఉండదు.